ఐదు పైసల వాషర్

ఆదివారం ఆరింటికే
సఫిల్‌గూడ మా గల్లీల
పాత చద్దరు పరిచి జీపు కిందికి దూరిన.
పైనుంచి చూస్తే బండి.
కిందినుంచి చూస్తే మరో మండలం:
గ్రీజు పొలిమేరలు, ఎండిన నూనె వాగులు,
సైలెన్సర్ మీద కందిరీగలు కట్టి
వేడికి తాళలేక వదిలేసిపోయిన ఇల్లు.

రాత్రంతా కింద పెట్టిన అట్టముక్క
నాకు బ్లడ్ రిపోర్టు.
నల్ల చుక్క ఇంజనుది.
తేనె రంగుండి కుళ్ళిన ఉల్లిగడ్డ వాసనొస్తే గేరుబాక్సుది.
రంగూ రుచీ లేనిది నిన్నటి వాన.
"రుచి ఎట్ల తెలిసింది టీచర్?" అన్నడు
టార్చి పట్టుకున్న పక్కింటి వినీల్.
లైటు సక్కగ పట్టు, అన్న.

"కారకపోతే భయపడాలె మేడం,
లోపల నూనె అయిపోయినట్టు" అంటడు
పుత్లీబౌలి ఖలీల్ భాయ్.
ఆయన దుకాణంల వస్తువులకు పేర్లుండవు.
పాడైన సీలును రుమాల్ల కట్టుకొని,
పీకిన పన్నును మళ్ళీ డాక్టరుకు చూపించినట్టు,
కౌంటర్ మీద పెట్టాలె. అంతే.
వెనక చీకట్ల చెయ్యి పెట్టి
దాని తోడబుట్టినదాన్ని తీసుకొస్తడు.

ఈ బండి బోల్టులు అంగుళాలల్ల పుట్టినయ్.
నా పానాలు మిల్లీమీటర్లల్ల.
పన్నెండు ఎక్కది, పదమూడు జారుతది.
నడుమ కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి పెడితే
ఇద్దరూ కాసేపు మాట్లాడుకుంటరు.
ఆరేండ్ల నుంచి ఈ మధ్యవర్తిత్వమే నాది,
బడిల లెక్కలు చెప్పంగ మిగిలిన టైంల.

ఇయ్యాల రెండో లివరు వంతు.
నాలుగు చక్రాలకూ బలమిచ్చే ఆ పొట్టి కడ్డీ
దంతాలు కొరికినట్టు గడగడమంటది.
"హైదరాబాద్‌ల నాలుగు చక్రాల బలం ఎందుకు?"
అనేటోళ్ళు జులైల మా గల్లీకి రావాలె.
స్కూల్ ఆటో నడుము లోతుల ఆగిన రోజు
ముందు రెండు చక్రాలు పన్జేస్తయో లేదో
తెల్వక నేను మెట్ల మీద నిలబడ్డ.
పిల్లల్ని భుజాల మీద మోసింది
చికెన్ షాపు మొగిలయ్య.
అది మనసుల ఉంది.

లింకేజి పిన్ను ఊడదీసి
కిరసనాయిలు డబ్బాల ముంచితే
వాషర్ అనుకున్నదానికి నాలుగు మూలలు తేలినయ్.
రుద్దిన.
ఐదు పైసలు.
నడుమ బెజ్జం, ఒక పక్కకు జరిగి.
సింహాల మొఖాలు అరిగిపోయినయ్, అంకె మిగిలింది.

మొల పెట్టి రాయితో కొట్టింది ఎవరో?
వేలానికి ముందు ఏ కంటోన్మెంట్ సిపాయో,
జహీరాబాద్ చెరుకు తోటల నడుమ ఆగిన ఏ డ్రైవరో.
జేబుల ఐదు పైసలు తప్ప
ఇంకేమీ పనికిరాని గంట ఒకటి
ఎవరికో వచ్చింది.
అండ్లనుంచి బండి బయటపడ్డది.

రాణీగంజ్‌ల తెచ్చిన కొత్త వాషర్,
రెండు రూపాయలది, తళతళ మెరుస్తది.
పెట్టిన. లివరు బిగుసుకుపోయింది.
గరుకు కాగితం మీద సగం అరగదీసి పెట్టిన.
మళ్ళీ గడగడ.
వినీల్ ఏమనలేదు గానీ
టార్చి వెలుగు మెల్లగ జరిగి
చద్దరు మీద పైస దగ్గర ఆగింది.

దానికే గ్రీజు రాసి ఎక్కించిన.
టక్.
ఒకటే మాట, అంతకు మించి లేదు.

సర్ఫు, చక్కెర కలిపి చేతులు రుద్దిన.
గోళ్ళ మూలల నలుపు పోలేదు.
రేపు బోర్డు మీద భిన్నాలు రాస్తుంటే
ముందు బెంచీలు దాన్నే చూస్తయ్.

సోమవారం పొద్దున అట్ట గుంజి చూసిన.
పాత చోట చుక్క లేదు.
జానెడు దూరంల, తేనె రంగుది,
కొత్తది.